చెరిపినా రాని చోటు

32 గిగాబైట్ల నిల్వ గలదని చెప్పి అమ్మిన చిన్న లాప్‌టాప్‌ను మొదటిసారి తెరచి చూచినప్పుడు అందులో 29.8 గిగాబైట్లు మాత్రమే కనిపిస్తవి. ఇందులో మోసమేమీ లేదు. తయారీదారుల లెక్కలో గిగాబైటు అంటే సరిగా 100 కోట్ల బైట్లు. విండోస్ వంటి నిర్వాహక వ్యవస్థ 1024ను మూడుసార్లు హెచ్చించి, 107,37,41,824 బైట్లను ఒక గిగాబైటుగా లెక్కిస్తుంది. కొలమానం మారడం వలన రెండు గిగాబైట్లకు పైగా మాయమైనట్లు తోస్తుంది. మిగిలినదానిలో సగానికి పైగా నిర్వాహక వ్యవస్థయే ఆక్రమిస్తుంది. కొన్ని నెలలు గడిచేసరికి "డిస్కులో చోటు లేదు" అనే హెచ్చరిక తెరమీదికి వస్తుంది.

అప్పుడు సాధారణంగా జరిగేదేమిటి? యంత్రాన్ని వాడేవారు పాత ప్రశ్నపత్రాలు, విద్యార్థుల వ్యాసాలు, ఉత్తరాలు ఒక్కొక్కటే చెరిపివేస్తారు. గంటసేపు చెరిపిన తరువాత చూస్తే చోటు దాదాపు అంతే ఉంటుంది. చెరపడం వేరు, చోటు దొరకడం వేరు. ఈ రెండింటికీ ఎడం ఎట్లా ఏర్పడిందో తెలియాలంటే కొంత వెనుకకు వెళ్ళవలసి ఉంటుంది.

నిల్వ కొరత కంప్యూటరుతోపాటే పుట్టింది. ఐ.బి.ఎం. కంపెనీ వారు 1928లో ప్రవేశపెట్టిన రంధ్రాల కార్డులో 80 నిలువు వరుసలుండేవి. వరుసకు ఒక అక్షరం చొప్పున కార్డు మొత్తానికి 80 అక్షరాలు. ఒక మనిషి పేరు, ఊరు, జీతం, పుట్టిన తేదీ, ఉద్యోగంలో చేరిన తేదీ అన్నీ అందులోనే ఇమడవలెను. 1956లో అదే కంపెనీ రామాక్ అనే యంత్రంతోపాటు మొదటి డిస్కును బజారులోకి తెచ్చింది. 24 అంగుళాల వ్యాసం గల 50 పళ్ళాలు ఒక ఇరుసు మీద తిరిగేవి. టన్నుకు మించిన బరువు. ఇంత చేసీ అందులో పట్టేది 50 లక్షల అక్షరాలు. ఈనాటి సెల్‌ఫోనుతో తీసిన ఒకటి రెండు ఫోటోలకు సరిపోయే చోటు. యంత్రం మొత్తానికి అద్దె నెలకు 3,200 డాలర్లు.

ఇంత ఖరీదైన చోటులో సంవత్సరాన్ని నాలుగు అంకెలలో వ్రాయడం దుబారాగా తోచింది. 1956కు బదులు 56 అని వ్రాస్తే ప్రతి తేదీకి రెండు అక్షరాలు మిగులుతవి. ఆ రోజులలో అది తెలివైన పొదుపే. కాని డిస్కులు చౌకబడిన తరువాత కూడా ఆ అలవాటు పోలేదు. 2000 సంవత్సరం దగ్గరపడేసరికి 00 అంటే 1900 అని యంత్రాలు పొరపడే ప్రమాదం వచ్చి, ప్రపంచమంతటా బాంకులు, విమాన సంస్థలు, ప్రభుత్వ కార్యాలయాలు తమ ప్రోగ్రాములను వరుసవారీగా దిద్దించుకోవలసి వచ్చింది. 1990లలో ఆ పనిమీద అమెరికాకు వెళ్ళిన భారతీయ ఇంజనీరులలో తెలుగువారు అనేకులు. కార్డుమీద మిగిల్చిన రెండు గళ్ళు నలభై ఏళ్ళ తరువాత హైదరాబాదు యువకులకు ఉద్యోగాలు చూపించినవంటే ఆశ్చర్యం కలుగుతుంది.

పరీక్ష తప్పించుకొనేందుకు చేసిన పరిశోధన

పొదుపుకు మరొక దారి ఉన్నది. ఉన్నదానిలో దేనినీ పారవేయకుండా తక్కువ చోటులో వ్రాయడం. దీనిని సంపీడనం అంటారు. దీని మూలసూత్రం టెలిగ్రాఫులోనే కనిపిస్తుంది. మోర్సు సంకేతాలలో ఇంగ్లీషు భాషలో అన్నిటికంటె ఎక్కువగా వచ్చే 'ఇ' అక్షరానికి ఒక్క చుక్క మాత్రమే. అరుదుగా వచ్చే 'క్యూ' అక్షరానికి రెండు గీతలు, ఒక చుక్క, మళ్ళీ ఒక గీత. తరచుగా వచ్చేదానికి పొట్టి గుర్తు, అరుదుగా వచ్చేదానికి పొడుగు గుర్తు.

ఇట్లా ఎంతవరకు కుదించవచ్చునో గణితరీత్యా నిరూపించినవాడు క్లాడ్ షానన్. 1948లో ఆయన ప్రకటించిన పరిశోధనా వ్యాసం ప్రకారం ప్రతి సమాచారానికీ ఒక కనీస పరిమాణం ఉంటుంది. అంతకంటె కుదిస్తే సమాచారమే నష్టమవుతుంది. హద్దు ఉన్నదని తేలింది గాని, విడివిడి అక్షరాలకు అన్నిటికంటె పొదుపైన గుర్తులు ఏర్పరచే కచ్చితమైన మార్గం మాత్రం షానన్‌కు గాని, ఆయనతోపాటు ఈ సమస్యపై కృషి చేసిన రాబర్ట్ ఫానోకు గాని అందలేదు.

1951లో ఫానో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో పాఠం చెబుతూ విద్యార్థులకు ఒక వెసులుబాటు ఇచ్చాడు. చివరి పరీక్ష వ్రాయవచ్చు, లేదా ఇచ్చిన సమస్యపై ఒక వ్యాసం సమర్పించవచ్చు. సమస్య ఇదే. దానిని తానే పరిష్కరించలేకపోయానని మాత్రం ఆయన చెప్పలేదు. డేవిడ్ హఫ్‌మన్ అనే విద్యార్థి పరీక్ష తప్పుతుంది గదా అని వ్యాసానికి పూనుకొన్నాడు. నెలల తరబడి ప్రయత్నించినా ఫలితం లేకపోయింది. ఇక పరీక్షకే చదువుకొందామని కాగితాలను చెత్తబుట్టలో వేస్తున్న సమయంలో ఉపాయం తట్టిందని ఆయనే తరువాత చెప్పాడు. గురువులు అక్షరాల పట్టికను పైనుంచి రెండుగా చీలుస్తూ వచ్చారు; హఫ్‌మన్ కింది నుంచి, అనగా అన్నిటికంటె అరుదైన అక్షరాలను జతచేస్తూ, పైకి వెళ్ళాడు.

ఈ పద్ధతిని తరగతిలో నల్లబల్ల మీద చేసి చూపవచ్చు. ఒక సందేశంలో 100 అక్షరాలున్నవనుకొందాం. అందులో 'క' 60 సార్లు, 'మ' 20 సార్లు, 'ల' 10 సార్లు, 'ర' 10 సార్లు వచ్చినవి. అక్షరానికి రెండేసి బిట్లు ఇస్తే మొత్తం 200 బిట్లు కావలెను. హఫ్‌మన్ పద్ధతిలో అరుదైన 'ల', 'ర'లను మొదట ఒక జతగా కట్టాలి. వాటి మొత్తం 20. ఆ జతను 'మ'తో కలిపితే 40. దానిని 'క'తో కలిపితే 100. ఇప్పుడు ప్రతి కలయిక దగ్గర ఒక కొమ్మకు 0, రెండవ కొమ్మకు 1 వ్రాసి, పైనుంచి కిందికి చదివితే 'క'కు 0, 'మ'కు 10, 'ల'కు 110, 'ర'కు 111 వస్తవి. ఏ గుర్తూ మరొక గుర్తుకు మొదటి భాగం కాదు. కాబట్టి మధ్యలో ఎడం విడువకపోయినా చదువుటలో తికమక ఉండదు. మొత్తం బిట్లు 60, 40, 30, 30, అనగా 160. నలభై బిట్లు మిగిలినవి, ఒక్క అక్షరమూ పోలేదు.

1952లో ఈ పద్ధతి అచ్చయింది. హఫ్‌మన్ దానిమీద పేటెంటు హక్కు కోరలేదు. ఫోటోల జె.పి.ఇ.జి. ఫైళ్ళలోను, పాటల ఎం.పి.3 ఫైళ్ళలోను, జిప్ ఫైళ్ళలోను ఈనాటికీ ఆ విద్యార్థి వ్యాసమే పనిచేస్తున్నది.

హఫ్‌మన్ పద్ధతికి ఏ అక్షరం ఎన్నిసార్లు వచ్చిందో ముందుగా తెలియవలెను. ఇజ్రాయెల్ దేశంలోని హైఫా నగరంలో టెక్నియాన్ అనే విద్యాసంస్థకు చెందిన జేకబ్ జివ్, అబ్రహాం లెంపెల్ 1977లోను, 1978లోను ప్రకటించిన రెండు పద్ధతులకు ఆ అవసరం లేదు. మొదటిదాని తత్వం చాలా తేలిక. వ్రాసుకొంటూ పోతున్నప్పుడు ఇంతకుముందు వచ్చిన మాటే మళ్ళీ వస్తే దానిని తిరిగి వ్రాయనక్కరలేదు; "400 అక్షరాలు వెనుకకు పో, అక్కడినుంచి 22 అక్షరాలు ఎత్తి వ్రాయి" అని రెండు సంఖ్యలు వ్రాస్తే చాలు. భాష ఏదైనా సరే, ఫైలు తన నిఘంటువును తానే తయారుచేసుకొంటుంది. ఈ పద్ధతిని హఫ్‌మన్ గుర్తులతో మేళవించినదే డిఫ్లేట్ అనే విధానం. ఫిల్ కాట్జ్ అనే అమెరికన్ ప్రోగ్రామర్ 1989లో విడుదల చేసిన జిప్ ఫైలులో 1993 నుంచి ఇది వాడుకలో ఉన్నది. జిప్ ఫైలు నిర్మాణ వివరాలను ఆయన అందరికీ వెల్లడించాడు. అందుచేతనే అది ప్రపంచమంతటా వ్యాపించింది. 2007 నుంచి మైక్రోసాఫ్ట్ వర్డ్ వ్రాసే డి.ఒ.సి.ఎక్స్. ఫైలు కూడా లోపల ఒక జిప్ మూటయే.

ఇక్కడ ఒక భ్రమను తొలగించుట అవసరం. జిప్ చేసిన ఫైలును మళ్ళీ జిప్ చేస్తే ఇంకా తగ్గుతుందా? తగ్గదు. ఏ పద్ధతీ అన్ని ఫైళ్ళనూ కుదించలేదు. మూడు బిట్లతో 8 వేర్వేరు సందేశాలు వ్రాయవచ్చు. అంతకంటె చిన్న సందేశాలు ఒక బిట్టువి 2, రెండు బిట్లవి 4, మొత్తం 6 మాత్రమే. ఎనిమిదింటిని ఆరు గూళ్ళలో విడివిడిగా పెట్టడం ఎవరికీ సాధ్యం కాదు. ఫోటోలు, పాటలు, వీడియోలు ఒకసారి కుదించినవే కనుక వాటిని జిప్ చేయడం శ్రమదండుగ.

రెట్టింపయిన డిస్కు

ఈ గణితమంతా సామాన్యుని లాప్‌టాప్‌లోకి దిగి వచ్చింది 1990లో. అంతకు ముందు సంవత్సరం వచ్చిన కాంపాక్ ఎల్.టి.ఇ. 286 వంటి లాప్‌టాప్‌లలో డిస్కు 20 లేదా 40 మెగాబైట్లు. కాలిఫోర్నియాలోని స్టాక్ ఎలక్ట్రానిక్స్ అనే చిన్న కంపెనీ వారు స్టాకర్ అనే ప్రోగ్రామును అమ్మసాగారు. దానిని ఎక్కిస్తే 40 మెగాబైట్ల డిస్కు దాదాపు 80 మెగాబైట్ల డిస్కువలె కనిపించేది. డిస్కుమీద ఉన్నదంతా ఒకే పెద్ద మూటగా కట్టి, ఆ మూటనే ఒక డిస్కుగా చూపించేవారు. ఫైలు వ్రాసేటప్పుడు కుదించడం, చదివేటప్పుడు విప్పడం వాడేవారికి తెలియకుండానే జరిగేది.

ఈ ప్రోగ్రాముకు లాభం రెండు వైపుల నుంచి వచ్చేది. ఒకటి సంపీడనం. రెండవది అంతగా ఎవరూ గమనించనిది. ఆనాటి డాస్ వ్యవస్థ డిస్కును క్లస్టర్లు అనే సమానమైన గళ్ళుగా విభజించేది. ఒక గడిలో ఒక ఫైలుకు చెందినది మాత్రమే ఉండాలి. గళ్ళను లెక్కించే సంఖ్యకు 16 బిట్లే ఉండుటచేత సుమారు 65 వేలకు మించి గళ్ళు ఉండరాదు. డిస్కు పెద్దదైతే గడి కూడా పెద్దది కావలసిందే. 2 గిగాబైట్ల డిస్కులో గడి పరిమాణం 32 కిలోబైట్లు. ఒకే ఒక్క అక్షరం వ్రాసిన ఫైలు కూడా 32 కిలోబైట్లు మింగేది! ధాన్యం కొట్టులో ప్రతి గింజకూ ఒక బస్తా కేటాయించినట్లు ఉండేది ఆ ఏర్పాటు. స్టాకర్ తన మూటలో 512 బైట్ల చిన్న గళ్ళను వాడి ఈ వృథాను అరికట్టింది. 1996లో మైక్రోసాఫ్ట్ వారు 32 బిట్ల పట్టికను ప్రవేశపెట్టిన తరువాత 8 గిగాబైట్ల వరకు గల డిస్కులో గడి 4 కిలోబైట్లకు దిగింది. ఈనాటికీ విండోస్‌లో ఒక ఫైలు వివరాలు అడిగితే "పరిమాణం" అని ఒక సంఖ్య, "డిస్కుమీద పరిమాణం" అని మరొక సంఖ్య కనిపించడానికి కారణం ఇదే.

1993 మార్చిలో మైక్రోసాఫ్ట్ వారు తమ డాస్ 6.0లో డబుల్‌స్పేస్ అనే పేరుతో అటువంటి సౌకర్యాన్నే ఉచితంగా చేర్చారు. స్టాక్ వారు అప్పటికే, ఆ జనవరిలోనే, తమ పేటెంట్లను ఉల్లంఘించారని దావా వేశారు. 1994 ఫిబ్రవరిలో జ్యూరీ స్టాక్ వారికి 12 కోట్ల డాలర్ల నష్టపరిహారం ఇప్పించింది. మైక్రోసాఫ్ట్ ఎదురు దావాలో వ్యాపార రహస్యం విషయమై స్టాక్ వారు కూడా 1 కోటి 36 లక్షల డాలర్లు చెల్లించాలని తీర్పు వచ్చింది. చివరకు ఆ వేసవిలోనే ఉభయులూ రాజీపడ్డారు. డబుల్‌స్పేస్‌ను తీసివేసి డాస్ 6.21ను, వేరే విధానంతో డ్రైవ్‌స్పేస్‌ను చేర్చి 6.22ను మైక్రోసాఫ్ట్ విడుదల చేసింది. 40 మెగాబైట్ల చోటు కోసం ఇంత వ్యాజ్యం!

వాడినవారి కష్టం న్యాయస్థానంలో తేలేది కాదు. డిస్కు అంతా ఒక్క మూటగా ఉన్నప్పుడు ఆ మూటకు తగిలిన చిన్న దెబ్బ లోపలి ఫైళ్ళన్నిటికీ తగలవచ్చు. మామూలు వ్రాతలో ఒక అక్షరం చెరిగిపోయినా మిగిలిన మాటలను బట్టి ఊహించవచ్చు. భాషలోని పునరుక్తియే మనకు రక్ష. సంపీడనం తొలగించేది ఆ పునరుక్తినే. డాస్ 6.0 వాడిన కొందరి ఫైళ్ళు పాడైపోయినవి. దోషమంతా డబుల్‌స్పేస్‌ది కాదు. వేగంకోసం వ్రాతను కొంచెం ఆలస్యంగా డిస్కుకు పంపే మరొక ప్రోగ్రాము తన పని ముగించకముందే యంత్రాన్ని ఆపివేయడం కూడా ఒక కారణం. 1993 నవంబరులో వచ్చిన 6.2లో ఈ రక్షణ ఏర్పాట్లను బలపరిచారు. మరొక చిక్కు మిగిలే ఉన్నది. "ఇంత చోటు ఖాళీ ఉన్నది" అని తెరమీద చూపే సంఖ్య ఒక అంచనా మాత్రమే. రాబోయే ఫైళ్ళు సగానికి తగ్గుతవనే నమ్మకంతో వేసిన లెక్క అది. ముందే కుదించిన ఫైళ్ళు తెచ్చి పెడితే ఆ ఖాళీ చెప్పిన దానిలో సగమే అయ్యేది.

చెరపడం అంటే

ఇప్పుడు మొదటి ప్రశ్నకు రావచ్చు. డాస్‌లో ఒక ఫైలును చెరిపినప్పుడు యంత్రం ఆ ఫైలులోని ఒక్క మాటను కూడా చెరిపేది కాదు. విషయసూచికలో ఆ ఫైలు పేరులోని మొదటి అక్షరం స్థానంలో 229 అనే గుర్తు వేసి, అది ఆక్రమించిన గళ్ళు ఖాళీ అని పట్టికలో వ్రాసుకొనేది. గ్రంథాలయంలో పుస్తకం బీరువాలోనే ఉండగా కార్డును మాత్రం తీసివేసినట్లు. ఆ గళ్ళలో కొత్త ఫైలు వచ్చి కూర్చొనేవరకు పాతది చెక్కుచెదరకుండా ఉండేది. ఈ రహస్యాన్ని ఆధారం చేసుకొని పీటర్ నార్టన్ 1982లో చెరిపిన ఫైళ్ళను తిరిగి తెచ్చే ప్రోగ్రామును అమ్మి పేరు, డబ్బు రెండూ సంపాదించాడు. 1991లో డాస్ 5 ఆ సౌకర్యాన్ని తనలోనే చేర్చుకొన్నది.

ఈ అలవాటు మరొక అడుగు ముందుకు వేసింది. ఆపిల్ కంపెనీ వారి లీసా యంత్రంలో 1983లోనే తెరమీద చెత్తబుట్ట బొమ్మ ఉండేది. 1995లో విండోస్‌లో రీసైకిల్ బిన్ వచ్చింది. ఫైలును చెరిపినప్పుడు అది నిజానికి ఆ బుట్టలోకి మారుతుంది, అంతే. బుట్టను ఖాళీ చేసేవరకు ఒక్క గడి కూడా విడుదల కాదు. పొరపాటున చెరిపినవారికి ఇది గొప్ప మేలు. చోటు కోసం చెరిపినవారికి మాత్రం కార్యం సగంలోనే ఆగినట్లు.

2007 అక్టోబరులో తైవాన్‌కు చెందిన ఆసుస్ కంపెనీ వారి ఈ పి.సి. 701 అనే బుల్లి లాప్‌టాప్ వచ్చింది. ఏడు అంగుళాల తెర, తిరిగే డిస్కుకు బదులు 4 గిగాబైట్ల ఫ్లాష్ చిప్పు, లైనక్స్ వ్యవస్థ. తక్కువ ధరకు దొరకుటచేత విశేషంగా అమ్ముడుపోయింది. కొన్నవారిలో చాలామంది మొదట చేసిన పని అందులో తమకు అక్కరలేని ప్రోగ్రాములను తీసివేయడం. తీసివేసిన తరువాత చోటు పెరగలేదు. ఎందుకంటే ఆ వ్యవస్థ రెండు పొరలుగా ఉండేది. కింది పొరలో మూల వ్యవస్థ. దానిని చదవడమే గాని మార్చడానికి వీలులేదు. పై పొరలో వాడేవారి వ్రాతలు. రెండూ కలిసి ఒకటిగా కనిపించేవి. కింది పొరలోని ప్రోగ్రామును తీసివేస్తే, పై పొరలో "ఇది లేదనుకో" అని ఒక గుర్తు మాత్రం పడేది. ప్రోగ్రాము అక్కడే ఉండేది. కొత్త కూర్పును తెచ్చుకొంటే పాతది కింద, కొత్తది పైన, రెండింటికీ చోటు ఖర్చు. వ్యవస్థ పాడైనప్పుడు పై పొరను తుడిచివేస్తే యంత్రం కొత్తదివలె లేచి కూర్చొనుట దీని ప్రయోజనం. కాని 4 గిగాబైట్ల యంత్రంలో ఆ భద్రతకు ఇచ్చిన మూల్యం తక్కువది కాదు.

మైక్రోసాఫ్ట్ వారు ఇటువంటి తోవనే నడిచారు. 2014 ఏప్రిల్‌లో విండోస్ 8.1కు చేర్చిన ఒక ఏర్పాటు ప్రకారం 16, 32 గిగాబైట్ల చిన్న యంత్రాలలో వ్యవస్థ అంతా కుదించిన మూటగానే ఉండి, అందులోనుంచే పనిచేసేది. మొదటి రోజున చోటు బాగా మిగిలేది. కాని దిద్దుబాటు వచ్చినప్పుడల్లా కొత్త ఫైలు మూటకు బయట చేరేది, పాతది మూటలోనే ఉండిపోయేది. నెలనెలా దిద్దుబాట్లు వచ్చే వ్యవస్థకు ఇది తగిన పద్ధతి కాదు. 2015లో విండోస్ 10 మూటను వదలి, ఫైళ్ళను విడివిడిగా కుదించే పద్ధతికి మారింది. 2019 మేలో ఆ వ్యవస్థకు కావలసిన కనీస నిల్వను 32 గిగాబైట్లకు పెంచారు. 2021లో వచ్చిన విండోస్ 11కు 64 గిగాబైట్లు కావలెను. విండోస్ 10కు ఉచితంగా దిద్దుబాట్లు ఇచ్చే గడువు 2025 అక్టోబరులో తీరింది. 32 గిగాబైట్ల చిప్పును మార్చడానికి వీలులేకుండా అతికించిన యంత్రాలు ఆ విధంగా దారిలేనివైనవి. చౌకగా వచ్చిన యంత్రం చౌకగానే పాతబడింది.

అటువంటి యంత్రంలో చోటు తినేవి ఎక్కువగా కంటికి కనిపించనివే. పెద్ద దిద్దుబాటు తరువాత పాత వ్యవస్థ మొత్తం "విండోస్ ఓల్డ్" అనే పేరుతో పక్కన ఉంటుంది. వాడేవారు వెనుకకు మరలాలనుకొంటే కావలసి వస్తుందని దానిని పది రోజులు అట్టిపెడతారు. యంత్రాన్ని నిద్రపుచ్చినప్పుడు స్మృతిలో ఉన్నదంతా దాచేందుకు ఒక పెద్ద ఫైలు సిద్ధంగా ఉంటుంది. 4 గిగాబైట్ల స్మృతి గల యంత్రంలో అది ఒక గిగాబైటుకు మించవచ్చు. ఆ సౌకర్యం అక్కరలేనివారు దానిని ఆపివేస్తే అంత చోటూ ఒక్కసారిగా తిరిగి వస్తుంది. 1998 నుంచి డిస్కును శుభ్రపరచే ఉపకరణాన్ని, 2017 నుంచి దానికంతట అదే శుభ్రం చేసుకొనే ఏర్పాటును విండోస్‌లో చేర్చడం ఈ అదృశ్య భారం కోసమే.

తెలుగు వ్రాత ఎంత చోటు పడుతుంది?

తెలుగులో వ్రాసినవి ఎక్కువ చోటు తింటవనే మాట ఒకటి వినవస్తుంది. అందులో కొంత నిజం ఉన్నది. 1991లో భారత ప్రమాణాల సంస్థ ఆమోదించిన ఇస్కీ సంకేతాలలో తెలుగు అక్షరానికి గాని, గుణింతపు గుర్తుకు గాని ఒకటే బైటు. ఇప్పుడు అంతటా వాడుకలో ఉన్న యు.టి.ఎఫ్.-8 అనే పద్ధతిని 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ అనే ఇద్దరు న్యూజెర్సీలో ఒక భోజనశాలలో కూర్చొని రూపొందించారు. అందులో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు, తెలుగు గుర్తుకు మూడు బైట్లు. "తెలుగు" అనే మాటలో త, ఎత్వం, ల, ఉత్వం, గ, ఉత్వం కలిసి ఆరు గుర్తులు. ఇస్కీలో 6 బైట్లు సరిపోతవి, యు.టి.ఎఫ్.-8లో 18 కావలెను.

అయితే ఆ మూడు బైట్లలో మొదటిది ప్రతి తెలుగు గుర్తుకూ ఒకటే. రెండవది రెండింటిలో ఏదో ఒకటి. షానన్ భాషలో చెప్పాలంటే అందులో సమాచారం బహు స్వల్పం. కాబట్టి తెలుగు ఫైలును జిప్ చేసినప్పుడు ఆ అదనపు భారంలో చాలా భాగం దిగిపోతుంది. జిప్ చేయకపోయినా లెక్క చూడవచ్చు. పుటకు 1,500 గుర్తుల చొప్పున 200 పుటల పుస్తకంలో 3 లక్షల గుర్తులు. మూడేసి బైట్ల చొప్పున 9 లక్షల బైట్లు. ఒక మెగాబైటు నిండలేదు. తరగతిలో తీసిన ఒక్క నిమిషం వీడియో ఇటువంటి పుస్తకాలు అనేకం పట్టే చోటును ఆక్రమిస్తుంది. వ్యాసాలను చెరిపి వీడియోలను ఉంచుకొన్నవారు బియ్యపు గింజలు ఏరి పారవేసి గాదెలో చోటు చేయబోయినట్లే.

పాత డిస్కులకు, ఈ చిన్న లాప్‌టాప్‌లలోని ఫ్లాష్ చిప్పులకు మరొక ముఖ్యమైన భేదం ఉన్నది. 1980లలో జపాన్‌కు చెందిన తోషిబా కంపెనీలో ఫుజియో మాసువోకా కనిపెట్టిన ఈ చిప్పులో వ్రాసినదానిమీద నేరుగా తిరిగి వ్రాయడానికి వీలులేదు. ముందు ఒక పెద్ద భాగాన్ని ఒక్క దెబ్బతో తుడిచి, తరువాత వ్రాయవలెను. కెమెరా ఫ్లాషువలె ఒక్కసారిగా తుడుచుటచేతనే దానికి ఆ పేరు వచ్చింది. తుడవడం నిదానమైన పని. పైగా చెరిపిన సంగతి విషయసూచికకు తెలుసునే గాని చిప్పుకు తెలియదు. అది పనికిరాని వ్రాతను కూడా జాగ్రత్తగా ఒకచోటి నుంచి మరొకచోటికి మోస్తూ ఉండేది. ఈ లోపాన్ని తీర్చడానికి "ఈ గళ్ళు ఇక అక్కరలేదు" అని వ్యవస్థ చిప్పుకు తెలిపే ట్రిమ్ అనే ఆజ్ఞను ఏర్పరచారు. 2009లో వచ్చిన విండోస్ 7 దానిని అమలులో పెట్టింది. ఆ కబురు అందిన తరువాత చిప్పు తీరిక దొరికినప్పుడు ఆ భాగాన్ని నిజంగానే తుడిచివేస్తుంది.

నార్టన్ 1982లో చూపిన ఉపాయం ఇక్కడ సాధారణంగా పనిచేయదు. బుట్టలో ఉన్నంతవరకు ఫైలును ఒక్క మీటతో వెనుకకు తెచ్చుకోవచ్చు. బుట్ట ఖాళీ అయి ట్రిమ్ ఆజ్ఞ వెళ్ళిన తరువాత ఎంతటి నిపుణుడైనా తిరిగి తేవడం చాలా కష్టం. అందుచేత చిన్న లాప్‌టాప్‌లో చోటు చేసుకొనేవారు విండోస్ ఓల్డ్‌ను, నిద్ర ఫైలును ముందు చూచి, వీడియోలను బయటి డిస్కులోకి నకలు తీసి, ఆ నకలు తెరుచుకొంటున్నదని సరిచూచుకొన్న తరువాతనే బుట్టను ఖాళీ చేయవలసి ఉంటుంది.